వినపడని కాళ్లు

సంహిత ముఖానికి సబ్బు రాసుకుంటూ స్నానాల గదిలో పడిపోయింది. ఆ రోజు ఆదివారం. హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి మూడు గంటలు కూడా కాలేదు. చప్పుడు విని ఇందుమతి పరుగెత్తేసరికి, పదిహేడేళ్ల కూతురు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మొహం నిండా నురగ. మోచేతి దగ్గర చర్మం లేచిపోయింది.

"జారిందా?"

"జారలేదమ్మా. కళ్లు మూసుకున్నాను, పడిపోయాను. అంతే."

ఇందుమతి వంగి నేల తడిమింది. నున్నటి పలకలు. సాయంత్రం భర్త జగదీష్‌ను బజారుకు పంపి రబ్బరు చాప తెప్పించి పరిచింది. ఆ పనితో సంగతి అయిపోయిందనుకుంది. ఇరవై రెండేళ్లుగా శరీర ధర్మశాస్త్రం చదివి, చెప్పి, పరిశోధించిన మనిషి ఆమె. కూతురు ఒక్క వాక్యంలో రోగ లక్షణం చెప్పింది. ఆమె చెవికి అది జారుడు నేల గురించిన ఫిర్యాదులాగే వినిపించింది.

విశాఖలో ఇందుమతి నడిపే ప్రయోగశాల చిన్నదే కానీ, ఆ ఏడాది దాని పేరు తెలియని కాలేజీ లేదు. ఆరేళ్ల కిందట ఆమె ఇంటర్ విద్యార్థుల చేత నాలుగంతస్తులు మెట్లెక్కించి గుండె వేగం కొలిచింది. పదహారేళ్ల పిల్లలు యాభై ఏళ్ల వాళ్లలా ఆయాసపడ్డారు. కొందరికి అప్పటికే రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది. ఆమె ఆ అంకెలు పట్టుకుని కాలేజీ కాలేజీకీ తిరిగింది. రోజుకు ఒక గంట పిల్లల్ని ఆడనివ్వండి అని అడిగింది. ప్రతి ప్రిన్సిపాలూ మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒకే మాట అన్నాడు. "మేడమ్, గంట ఎక్కడుంది చెప్పండి?"

పదకొండో కాలేజీ నుంచి బయటికొచ్చిన రోజు ఆమె గంట అడగడం మానేసింది. గంట అక్కర్లేని ఉపాయం వెతకడం మొదలుపెట్టింది.

అలా పుట్టింది చలన పట్టీ. అరచేయంత వెడల్పున్న మెత్తటి గుడ్డ పట్టీలు, తొడలకు రెండు, పిక్కలకు రెండు. చూడటానికి వచ్చినవాళ్లకు ఆమె సహాయకుడు ఖాదర్ వలీ ప్రయోగశాలలో ఒక విద్యార్థిని కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీలు చుట్టి, చేతికి లెక్కల పుస్తకం ఇచ్చేవాడు. పట్టీలోని సన్నని తీగలు కండరాలను వాటి వరసలో బిగించి వదిలేవి. ప్యాంటు గుడ్డ కింద చిన్న అలలా కదలిక కనిపించేది. ఆ పిల్లవాడు తల ఎత్తకుండా లెక్క చేస్తూ ఉండేవాడు. ఇరవై నిమిషాలకు నుదుటి మీద చెమట పట్టేది. గోడ మీద తెరలో గుండె వేగం పరుగెత్తే మనిషిదంత ఉండేది.

"యాభై నిమిషాలు కూర్చుంటే ఐదు కిలోమీటర్లు పరుగెత్తినట్టు. ఒక్క లెక్క కూడా పోదు," అనేవాడు వలీ.

నగరానికి ఉత్తరాన కొండ వాలులో ఉన్న ఒక రెసిడెన్షియల్ కాలేజీ మొదట ముందుకొచ్చింది. రెండు వందల పన్నెండు మంది విద్యార్థులు. ఉదయం స్టడీ అవర్లో ఒకసారి, సాయంత్రం ఇంకోసారి పట్టీలు కట్టుకునేవారు. ఇందుమతి తన కూతుర్నీ అక్కడే చేర్చింది. ఇతరుల పిల్లల మీద పెట్టేది తన బిడ్డ మీద పెట్టకపోతే ఎలా అన్నది ఆమె వాదన. ఏడాది తిరిగేసరికి పిల్లల చక్కెర దిగింది, బరువు తగ్గింది, గుండెలు గట్టిపడ్డాయి. ఆట స్థలంలో కొత్త బ్లాకు లేచింది.

ఆటల మాస్టారు అప్పలకొండ గారిని హాస్టల్ వార్డెన్‌గా మార్చారు. యాభై దాటిన మనిషి. పాతికేళ్లుగా మెడలో వేలాడిన విజిల్‌ను బల్ల సొరుగులో పెట్టేసి తాళాల గుత్తి పట్టుకున్నాడు. సంహిత పడిపోయిన వారానికి ఆయన ఇందుమతికి ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, ఒక మాట సెప్పాలి. తప్పయితే మన్నించండి. పిల్లలు కిందకి సూసుకుంటా నడుస్తన్నారు."

"అంటే?"

"పాదాలకేసి సూసుకుంటా. అందరూ అంతేనమ్మా. ఏదో పారేసుకుని ఎతుక్కున్నట్టు."

"ఫోన్లు చూసి చూసి తల దించుకోవడం అలవాటైపోయిందండీ ఈ పిల్లలకి."

"హాస్టల్లో ఫోన్లు ఉండవు కదమ్మా."

ఇందుమతి ముందు కంప్యూటర్ తెర మీద ఆ నెల ఫలితాలున్నాయి. అన్నీ బాగున్నాయి. "మాస్టారూ, మీ దగ్గర కొలతలేమైనా ఉంటే పంపించండి, తప్పకుండా చూస్తాను," అంది.

"కొలతలు నాకేటి తెలుస్తాయమ్మా. పాతికేళ్లు పిల్లల కాళ్లే సూసేను. అందుకని సెప్తన్నాను." ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆట స్థలం పోయిన బాధ కొద్దీ అంటున్నాడని ఆమె అనుకుంది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర జగదీష్‌తో ఆ మాటే చెప్పింది. పోర్టులో క్రేన్ల సెక్షన్ చూసే జగదీష్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "ఆయన ఊరికే ఫోన్ చేసే రకమా?" అని మాత్రం అడిగాడు. ఆమె కంచం తీసి లేచింది.

పద్నాలుగు రోజుల తర్వాత, నవంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడుంపావుకు, కాలేజీ రెండో అంతస్తులోని కరెంటు గదిలో మంటలు లేచాయి. పెద్ద మంటలేమీ కాదు. అగ్నిమాపక దళం పావుగంటలో ఆర్పేసింది. ఒక్కరికీ ఒళ్లు కాలలేదు. కానీ ఇందుమతి ఆసుపత్రికి చేరేసరికి వరండా పొడుగునా స్ట్రెచర్లున్నాయి. వాటి మీద ఉన్న పిల్లలందరికీ విరిగిన ఎముకలు.

సంహితకు ఎడమ మణికట్టు విరిగింది. గడ్డం కింద కుట్లు పడ్డాయి. తల్లిని చూసి ఏడవలేదు. "అమ్మా, చీకటవగానే నా కాళ్లు లేవు," అంది.

"భయంలో అలాగే అనిపిస్తుంది నాన్నా."

"అనిపించడం కాదు. లేవు. నడుము కింద ఏమీ లేదు. జాహ్నవి నా చెయ్యి పట్టుకుంది. తనకీ లేవంది."

జాహ్నవి సంహిత పక్క బెంచీ పిల్ల. చీకట్లో గోడలు తడుముకుంటూ మెట్ల దాకా వెళ్లి, మొదటి మెట్టు దగ్గర పడిపోయింది. చూడలేక వెనకాల వచ్చినవాళ్లు ఆమె మీద పడ్డారు. ఆమెతో కలిపి ముగ్గురు చనిపోయారు. ఆ సంగతి సంహితకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

మరునాడు పోలీసులు ఇందుమతికి స్టడీ హాలు వీడియో చూపించారు. చీకట్లో కూడా చూడగల కెమెరా అది. మూడో అంతస్తు హాలు. కిటికీలకు ఎండ రాకుండా నల్లటి కాగితం అంటించి ఉంది. రెండు వందల పన్నెండు మంది వరసగా కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గర లెక్చరర్ ఏదో అరిచాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. క్రమశిక్షణగా, తోసుకోకుండా, వరసల్లోంచి బయటికి అడుగులు వేయడం మొదలుపెట్టారు. అప్పుడు దీపాలు ఆరిపోయాయి.

పిల్లలు పడిపోయారు. ఒకరి తర్వాత ఒకరు కాదు. దాదాపు అందరూ ఒకేసారి. బెంచీల మీద, ఒకరి మీద ఒకరు, చేతులు గాలిలో వెతుక్కుంటూ పడ్డారు. తలుపు దగ్గర లెక్చరర్, హాల్లో అక్కడక్కడా నలుగురైదుగురు మాత్రం నిలబడే ఉన్నారు.

ఇన్‌స్పెక్టర్ వీడియో ఆపి, "ఏదైనా విషవాయువా మేడమ్?" అని అడిగాడు.

ఆమె కుర్చీని తెరకు దగ్గరగా లాక్కుంది. మళ్లీ వెయ్యమని చేత్తో సైగ చేసింది. నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి చూస్తున్నప్పుడు ఆమె తన మోకాళ్లను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. అక్కడ ఉన్నాయో లేవో తెలుసుకోవాలన్నట్టు.

తెర మీద ఆ తర్వాత ఒక మనిషి ఆకారం పొగలోంచి వచ్చింది. తడి తువ్వాలు మొహానికి చుట్టుకున్న అప్పలకొండ. ఆయన పిల్లల్ని లేపే ప్రయత్నం చేయలేదు. వంగి ఒక్కొక్కరి భుజం నొక్కుతూ ఏదో చెబుతున్నాడు. ఆ తర్వాత పిల్లలు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే చేతుల మీద జరగసాగారు.

ఆసుపత్రి వరండాలో ఇందుమతి ఆయన్ని అడిగింది. పొగకు ఆయన గొంతు బొంగురుపోయింది.

"లెగిస్తే పడిపోతన్నారమ్మా. కాళ్లకి తెలీడం లేదని అర్థమైపోయింది. సేతులకి పట్టీలు కట్టలేదు కదా, సేతులకి తెలుస్తాదనుకున్నాను. కూకోండి, సేతులతో దిగండి, ముందున్నోడి వీపు వదలొద్దు అన్నాను. మెట్టుమెట్టుకీ కూకునే దిగేరు." ఆయన తలుపు వైపు చూశాడు. "నేనొచ్చేసరికే కొందరు మెట్ల కాడికి ఎల్లిపోయేరు. అదొక్కటే."

రెండో రోజు సాయంత్రం దెబ్బలు తగలని పిల్లల్ని వలీ వార్డులో ఒక్కొక్కరినీ నిలబెట్టాడు. రెండు వైపులా ఇద్దరు నర్సులు. "కళ్లు మూసుకో," అన్నాడు. మొదటి అమ్మాయి కళ్లు మూసుకుంది. రెండు క్షణాలకు ఆమె మోకాళ్లు వంగాయి. నర్సులు పట్టుకోకపోతే నేల మీద ఉండేది. కళ్లు తెరిచి, తన కాళ్లకేసి చూసుకుని, వాటిని సర్దుకుని నిలబడింది. రెండో అబ్బాయి. మూడో అబ్బాయి. నూట డెబ్బై ఒక్క మందిని పరీక్షిస్తే నూట అరవై ఆరుగురు పడిపోయారు.

నిలబడగలిగిన ఐదుగురి గురించి వలీ ఆరా తీశాడు. ఐదుగురూ స్టడీ అవర్ ఎగ్గొట్టినందుకు శిక్షలు తిన్నవాళ్లే. ఎక్కడికెళ్లేవారని అడిగితే నీళ్లు నమిలారు. చివరికి ఒకమ్మాయి చెప్పింది. టెర్రస్ మీద షటిల్ ఆడేవారు. టెర్రస్ తాళం వార్డెన్ గారు మర్చిపోయినట్టు వదిలేసేవారు.

ఆ రాత్రంతా నిద్రలేక ఉబ్బిన కళ్లతో వలీ మర్నాడు ఉదయం ప్రయోగశాలలో ఇందుమతి ఎదుట కూర్చున్నాడు.

"రైలు పట్టాల పక్క ఇంట్లో ఉండేవాళ్లకి కొన్నాళ్లకి రైలు చప్పుడు వినపడదు మేడమ్. అదే అయింది. మనం నడిచేటప్పుడు మెదడు కాలికి పని చెబుతుంది, కాలు తను ఎక్కడుందో తిరిగి చెబుతుంది. పట్టీ కట్టినప్పుడు మెదడు ఏమీ చెప్పలేదు. కాలు మాత్రం రోజుకి రెండు పూటలా కబుర్లు పంపుతూనే ఉంది. మెదడు అడగని కబురు. పద్నాలుగు నెలలు విని విని మెదడు ఆ చప్పుడు వినడం మానేసింది. కళ్లతో చూసుకున్నంతసేపూ నెట్టుకొచ్చారు."

"మనకి ముందే ఎందుకు తెలియలేదు?" అంది ఇందుమతి.

వలీ తల దించుకున్నాడు. అతను చెప్పనక్కర్లేకపోయింది. ప్రశ్న నోటి నుంచి వస్తుండగానే ఆమెకు గుర్తొచ్చింది.

ఆమె లేచి బీరువా తెరిచి, ప్రయోగం తొలి చిత్తుప్రతి తీసింది. పద్నాలుగో పేజీ. ప్రతి నెలా చేయవలసిన పరీక్షల జాబితాలో చివరిది: కళ్లు మూసి నిలబడటం, గీత మీద నడవటం. ఒక్కో విద్యార్థికి ఆరు నిమిషాలు. కాలేజీ ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలే ఇచ్చింది. రక్తం, గుండె, బరువు చూసేసరికి తొమ్మిది అయిపోయేవి. చివరి పరీక్ష మీద అడ్డంగా పెన్సిల్ గీత ఉంది. ఆ గీత ఆమెదే. అప్పుడు వలీ అభ్యంతరం చెప్పాడు కూడా. "పదహారేళ్ల పిల్లలు నిలబడగలరో లేదో కూడా పరీక్ష పెట్టాలా వలీ?" అని ఆమె నవ్వింది.

"విచారణ సంఘానికి ఈ కాగితం సంగతి తెలియదు మేడమ్," అన్నాడు వలీ నెమ్మదిగా. "వాళ్లు కరెంటు గది గురించే అడుగుతున్నారు."

"తెలుసు."

ఆమె ఆ పేజీకి నకలు తీసి సంతకం చేసింది. విచారణ సంఘానికి ఇచ్చే ముందు ఇంటికి వెళ్లి కూతురికి చూపించింది. సంహితకు అప్పటికి జాహ్నవి సంగతి తెలుసు. మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆ పేజీని పైనుంచి కింది దాకా చదివింది.

"ఆరు నిమిషాలా?" అంది.

ఇందుమతి తల ఊపింది.

సంహిత కాగితం తిరిగి ఇచ్చేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నెలల తరబడి తల్లితో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే తండ్రికి చెప్పేది. జగదీష్ కూతురికి అన్నం కలిపి పెట్టేవాడు, భార్యకు కంచంలో వడ్డించేవాడు. నిందించలేదు. ఓదార్చనూ లేదు. ఒకరోజు మాత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతూ, "నేనైనా ఆ రబ్బరు చాప ఎందుకని అడగాల్సింది," అన్నాడు.

పట్టీని నిషేధించారు. ఇందుమతి రాజీనామా చేసింది. నరాల వైద్యులు పిల్లల్ని పరీక్షించి, నరాలు చచ్చిపోలేదన్నారు. మెదడు మళ్లీ వినడం నేర్చుకోవాలి. దానికి మందు లేదు, యంత్రం అసలే పనికిరాదు. పిల్లలు తమంతట తామే కదలాలి. ఎగుడుదిగుడు నేల మీద నడవాలి, బరువులు మోయాలి, మెట్లెక్కాలి, పదిమందితో ఆడాలి. వారానికోసారి వ్యాయామం చేసి ఊరుకుంటే చాలదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏదో ఒకటి చేస్తూనే ఉండాలి. నీళ్ల బిందె తేవడం, బట్టలు ఆరేయడం, అంగడికి నడిచి వెళ్లడం.

అప్పలకొండ మునిసిపల్ గ్రౌండ్‌లో రోజూ పొద్దున్నే పిల్లల్ని పోగుచేసేవాడు. ఇందుమతి ఒక్కొక్కరి నడకను చూసి పుస్తకంలో రాసుకునేది. మొదటి వారం తొంభై మంది వచ్చారు. మూడో వారానికి ముప్ఫై మంది మిగిలారు. గీత మీద నడవడం, పడటం, లేవడం. పదిహేడేళ్ల పిల్లలు ఏడాది పిల్లల్లా నడక నేర్చుకోవడం వాళ్లకు సిగ్గుగా ఉండేది. రోడ్డు మీద జనం ఆగి చూసేవారు. సంహిత వచ్చేది కానీ తల్లికి దూరంగా, రెండో కొసన నిలబడేది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం గ్రౌండ్ గేటు దగ్గర ఒకాయన కనిపించాడు. నల్లగా, ఎత్తుగా, లుంగీ మీద తెల్లచొక్కా. అప్పలకొండ గుర్తుపట్టి గబగబా ఎదురెళ్లాడు. మైలపల్లి నూకరాజు, జాహ్నవి తండ్రి. భీమిలి దారిలో ఉన్న పల్లె. చేపలవేట మనిషి.

ఆయన నేరుగా ఇందుమతి దగ్గరికి వచ్చాడు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"పట్టీ సేసింది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి."

"నాకు సదువు లేదు. పేపర్లో ఏటేటో రాసేరు. నాకర్థం కాలేదు. ఒకటడుగుతాను, తిన్నగా సెప్పు." ఆయన గొంతు పెంచలేదు. "మా పిల్ల ఎనిమిదేళ్లప్పట్నుంచి నాతో పడవెక్కీది. కెరటం మీద పడవ ఊగుతా ఉంటే సేతులొదిలేసి నిలబడీది. దానమ్మ తిడతా ఉంటే నవ్వీది. ఆ పిల్ల మెట్ల మీద ఎలాగ పడిపోయిందమ్మా?"

ఇందుమతి చేతిలోని పుస్తకం మూసింది. విచారణ సంఘం ఎదుట రెండు రోజులు మాట్లాడింది. ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

"మీరు నేర్పిందంతా నా పట్టీ తీసేసిందండి," అంది. "నెలనెలా ఒక పరీక్ష చేసి ఉంటే ముందే తెలిసేది. ఆరు నిమిషాల పరీక్ష. టైము లేదని నేనే కొట్టేశాను."

నూకరాజు ఆమెను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత గ్రౌండ్‌లోకి చూశాడు. సున్నపు గీతల మీద చేతులు చాచి వణుకుతూ నిలబడిన పిల్లల్ని చూశాడు. ఒకబ్బాయి చూస్తుండగానే పడి, లేచాడు.

"ఈ సిమెంటు లాంటి నేల మీద ఏటి నేరుస్తారు," అన్నాడు అప్పలకొండతో. "మా కాడ పొద్దున్నే పెద్దవల లాగుతాం. ఒడ్డు మీంచి, ఇసకలో. నలభై మంది కావాలి. కుర్రోళ్లంతా ఫ్యాక్టరీలకి పోతన్నారు, మనుషులు దొరకటం లేదు. పిల్లల్ని తీసుకురా. తాడు పట్టుకుంటే కాళ్లు వాటంతటవే తెలుసుకుంటాయి."

అప్పలకొండ చేతిలోని సున్నపు డబ్బా కింద పెట్టాడు. సరేనని తల ఊపాడు.

నూకరాజు ఇందుమతి వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం రాకమ్మా. నిన్ను సూడలేను."

ఆమె చేతులు జోడించింది. ఆయన అది చూడకుండానే వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి పిల్లలు తొలి బస్సుకు పల్లెకు వెళ్లసాగారు. వారం తిరక్కుండా ముప్ఫై మంది అరవై అయ్యారు. ఇసకలో మడమలు దిగేసి, తాడు నడుము వెనక్కి వేసుకుని, పల్లెవాళ్ల కేకకు కేక కలుపుతూ వెనక్కి నడిచేవారు. పడినవాళ్లను చూసి ఎవరూ జాలిపడేవారు కాదు. తాడు వదిలినందుకు తిట్టేవారు. వల ఒడ్డుకు చేరాక బుట్టలు మోసుకుని రోడ్డెక్కాలి. ఇళ్లకు చేరేసరికి ఆకలితో నకనకలాడేవారు. ఇదంతా ఇందుమతికి అప్పలకొండ ఫోన్‌లో చెప్పేవాడు. మార్చి ఆఖరుకు, ఇళ్ల దగ్గరే పనులు చేసుకుంటున్నవాళ్లతో కలిపి, నూట ఇరవై మంది కళ్లు మూసుకుని నిలబడగలిగారు. మిగతావాళ్లకు ఇంకా చేతికర్ర కావాలి. కొందరికి ఎప్పటికీ కావచ్చునని వైద్యులు అన్నారు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం సంహిత ఇంటికి వచ్చి, తండ్రి డ్యూటీకి వెళ్లిపోయాడని చూసి, తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఒంటి మీద ఉప్పు, చేపల వాసన. పీట లాక్కుని కూర్చుంది. ఇందుమతి అట్టు వేసి కంచంలో పెట్టింది. సంహిత అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

రెండో అట్టు తింటూ, "నూకరాజు బాబాయ్ నీ గురించి అడిగాడు," అంది.

ఇందుమతి చేతిలో గరిటె ఆగింది. "ఏమని?"

"మీ అమ్మ పొద్దుటే ఏం చేస్తుందని."

"ఏం చెప్పావు?"

"పైన రోడ్డు మీద బస్టాపులో కూర్చుంటుందని చెప్పాను. మేం ఎక్కిన బస్సు వెనక బస్సులో వస్తుంది, వల ఒడ్డుకు చేరేదాకా అక్కడే ఉంటుంది, కిందకి మాత్రం దిగదు అని చెప్పాను."

రెండు నెలలుగా ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంది ఇందుమతి. పొయ్యి కట్టేసి, గోడకు చేయి ఆనించి నిలబడింది.

"ఏమన్నాడు?"

సంహిత వేళ్లు నాకి, నీళ్లు తాగింది.

"ఏమీ అనలేదు. మాటలు తర్వాత, తాడు పట్టుకో అన్నాడు."